బలం మాత్ర ఇచ్చే ముందు

బలం మందు అడగని మనిషిని నా ఉద్యోగంలో చూసిన గుర్తు లేదు. జ్వరమని వచ్చినవాళ్ళు జ్వరం మందు తీసుకుని, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగేవారు. "నర్సమ్మా, జర బలానికేమన్న ఇయ్యరాదు?" పంటినొప్పికి వచ్చినవాళ్ళూ అంతే, కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినవాళ్ళూ అంతే. చేరిన కొత్తలో ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. నా పనిలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అదేనని తర్వాత తెలిసింది.

నర్సింగు చదువుతున్న పిల్లలు ఇప్పుడు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పాత సంగతులు చెప్పమంటారు. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎక్కడెక్కడికి బదిలీ అయిందో వాళ్ళకు అక్కర్లేదు. అవి అందరి ఉద్యోగాల్లోనూ ఒకలాగే ఉంటాయి. నేను పని నేర్చుకున్నది ఒక డాక్టరమ్మ దగ్గర, ఒక రాళ్ళు కొట్టే కుటుంబం దగ్గర. ఆ సంగతే రాస్తాను.

కొండాపూర్ దవాఖాన

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నన్ను కొండాపూర్ దవాఖానలో వేశారు. ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే చోట అప్పుడు జొన్నచేలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య రాతిగుట్టలు ఉండేవి. పొద్దున లేవగానే గుట్టల వైపు నుంచి సుత్తెల చప్పుడు వినిపించేది. దవాఖాన అంటే ఒక పెంకుటిల్లు. ముందు గదిలో మందులు, వెనక గదిలో రెండు మంచాలు. ఆ వెనక ఒక బావి, ఒక మునగచెట్టు.

డాక్టర్ కామేశ్వరమ్మ గారిది కాకినాడ వైపు. మద్రాసులో చదువుకున్నారు. పొట్టిగా, కాస్త లావుగా ఉండేవారు. చెప్పుల చప్పుడును బట్టి ఆవిడ కోపంగా ఉన్నారో మామూలుగా ఉన్నారో నాకు తెలిసిపోయేది. కూలివాళ్ళయినా, దొరలయినా అందరినీ 'అండి' అనే పిలిచేవారు. ఊళ్ళోవాళ్ళు మొదట్లో దానికి బెదిరిపోయారు. ఒక ముసలాయన నన్ను పక్కకు పిలిచి, "గామె నన్ను ఎక్కిరిస్తున్నదా ఏంది, బిడ్డా?" అని అడిగాడు. కాదు, వాళ్ళ వైపు మాటే అంత అని నేను సర్దిచెప్పాను. కొన్నాళ్ళకు ఆయనే ఆవిడ 'అండి' అనకపోతే మొహం ముడుచుకునేవాడు.

ఆవిడ మందు రాసేముందు ఎవరినైనా ఒక్కటే అడిగేవారు, ఏం తింటున్నారని. జవాబు పూర్తిగా వినేవారు కూడా. నాకు మొదట ఇది కాలయాపనలా తోచింది. బయట బెంచీ నిండిపోతుంటే లోపల ఈవిడ అంబలి గురించీ తోటకూర గురించీ మాట్లాడుతుండేవారు.

ఒకరోజు పక్క ఊరి పటేల్ గుర్రబ్బండిలో వచ్చాడు. వస్తూనే అంగీ చేయి పైకి మడిచాడు.

"డాక్టరమ్మా, తాకత్ సూది ఒకటి వెయ్యి."

"ఏం ఇబ్బందండి?"

"ఇబ్బందేం లేదు. జర నీరసమున్నది. పట్నంల మా బామ్మర్ది వేయించుకున్నడు. ఇప్పుడు గుర్రం లెక్క తిరుగుతున్నడు."

"పొద్దున ఏం తిన్నారండి?"

"రొట్టె తిన్న, పొట్టేలు కూర తిన్న, పెరుగు తాగిన. ఎందుకు?"

"నిద్ర పడుతోందా?"

ఆయన గొంతు తగ్గించి, తమ్ముళ్ళతో పొలం పంచాయితీ నడుస్తోందనీ, కన్ను మూస్తే పొలం హద్దుల గెట్లే కనిపిస్తున్నాయనీ చెప్పాడు. డాక్టరమ్మ నాడి చూశారు, కళ్ళు చూశారు, నాలుక చూశారు.

"మీ ఒంట్లో బలానికి లోటు లేదండి. మీకు కావలసింది సూదిలో దొరకదు. తమ్ముళ్ళను పిలిచి మాట్లాడండి."

పటేల్‌కు కోపం వచ్చింది. మడిచిన చేయి కిందికి దించుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను.

"బి విటమిన్ సూదే కదండీ. ఎక్కువైతే నీళ్ళలో పోతుందని మీరే చెప్పారు. వేస్తే ఆయన సంతోషపడేవాడు."

"పోతుంది అనసూయా. సూది పోతుంది, సూది వల్లే బతుకుతున్నానన్న నమ్మకం పోదు. రేపు ఇంకోటి కావాలంటాడు. అదీ చాలక పట్నంలో ఎవడో ఏదో పొడిస్తే పొడిపించుకుంటాడు. అన్ని మందులూ నీళ్ళలో పోయేవి కావు."

ఆ చివరి మాట నాకు ఒక గొర్రెల కాపరి కూతురి విషయంలో అర్థమైంది. ఆ పిల్లకు రేచీకటి. పొద్దు వాలితే గోడ పట్టుకుని నడిచేది. మా దగ్గర సొరచేప కాలేయం నూనె ఉండేది. అది చెంచాతో కొలిచి దవాఖానలోనే తాగించేవాళ్ళం. కొద్దిరోజులకే ఒక సాయంత్రం ఆ పిల్ల వాళ్ళ గొర్రెపిల్లను దూరం నుంచి గుర్తుపట్టి పరిగెత్తిందట. తండ్రి మరునాడు వచ్చి సీసా మొత్తం ఇమ్మని కూర్చున్నాడు. డాక్టరమ్మ ఇవ్వలేదు. ఆ నూనెలో ఉండేది ఒంట్లో నిలవ ఉండిపోతుందనీ, అవసరానికి మించి పేరుకుంటే అదే తలనొప్పీ వాంతులూ తెస్తుందనీ ఓపిగ్గా చెప్పారు. సీసాకు బదులు పెరట్లో మునగాకు కోసుకుపొమ్మన్నారు. ఆయన ఆకు తీసుకున్నాడు గాని, డాక్టరమ్మ పిసినారి అని ఊళ్ళో చెప్పుకున్నాడు. ఆవిడ విని నవ్వేశారు.

బాలమణి

రాయదుర్గం వైపు గుట్టల్లో రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలు ఉండేవి. అక్కడి సాయన్న భార్య బాలమణి ఒకరోజు అత్త మల్లమ్మతో దవాఖానకు వచ్చింది. కడుపుతో ఉంది, ఆరో నెల. చంకలో రెండేళ్ళు దాటిన కూతురు లచ్చి. గుమ్మం దగ్గరే బాలమణి గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు, కాగితంలా ఉంది.

డాక్టరమ్మ అలవాటు ప్రకారం ఏం తింటున్నారమ్మా అని అడిగారు. బాలమణి తల వంచుకుంది. మల్లమ్మే చెప్పింది.

"ఏం తింటదమ్మా, మన్ను తింటది. పొయ్యి గడ్డ గీరి గీరి తింటది. నేను ఎన్నిసార్లు తిట్టినా ఇంటలేదు. ఇంట్ల పొయ్యి సగమైంది."

బాలమణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను కావాలని తింటలేనమ్మా. వాన వాసనొస్తే పానం ఆగదు."

"తిట్టకండి మల్లమ్మగారూ," అన్నారు డాక్టరమ్మ. "ఒంట్లో రక్తం తగ్గినప్పుడు చాలామందికి ఇలా మన్ను మీదికి మనసు పోతుంది. అది చెడ్డ బుద్ధి కాదు, ఒంటి బాధ."

మల్లమ్మను ఎవరూ అంతవరకు 'గారూ' అని ఉండరు. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది.

బాలమణికి ఇనుము మాత్రలు ఇచ్చాం. ఎర్రగా, గుండ్రంగా, పైన చక్కెర పూతతో మెరుస్తుండేవి. కడుపులో తిప్పుతుందని అన్నం తిన్నాక వేసుకోమన్నాం. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దన్నాం. తోటకూర, శనగలు, బెల్లం తినమన్నాం. వారానికి సరిపడా ఒక రేకు డబ్బాలో పోసి ఇచ్చాం. ఆమె దాన్ని కొంగులో ముడి వేసుకుని వెళ్ళింది.

మరుసటి వారం రాలేదు. నేను గుట్టల దాకా నడిచి వెళ్ళాను. డబ్బా నిండుగానే ఉంది. మల్లమ్మ వద్దన్నదట.

"గా గోలీలు తింటే కడుపుల బిడ్డ పెద్దగైతదట. మల్ల కాన్పు కష్టమైతది. మా ఆడోళ్ళంత అంటున్నరు."

"బిడ్డ పెద్దది కాదు మల్లమ్మా. తల్లికి రక్తం పడుతుంది. రక్తం లేకనే కాన్పు కష్టమయ్యేది."

"నీకు కాన్పులైనయా?"

నాకప్పటికి పెళ్ళే కాలేదు. వెనక్కి వచ్చి డాక్టరమ్మతో చెప్పాను. ఆవిడ ఆ సాయంత్రమే చెప్పులు టకటకలాడించుకుంటూ గుట్టలకు బయల్దేరారు. మల్లమ్మతో ఏం మాట్లాడారో నేను వినలేదు. మల్లమ్మకు ఎందరు పిల్లలో, ఎందరు బతికారో అడిగారని మాత్రం తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి బాలమణి మాత్రలు వేసుకుంది.

నెల తిరిగేసరికి ఆ పిల్లలో వచ్చిన మార్పు చెప్పలేను. పెదాలకు రంగు వచ్చింది. గుట్ట ఎక్కి వచ్చినా రొప్పడం లేదు. "మన్ను మీదికి మనసు పోతలేదమ్మా. అసలు గా వాసనే పడ్తలేదు," అని తానే నవ్వుతూ చెప్పింది. ఇలాంటి రోజుల కోసమే మన ఉద్యోగం. ఎవరికి అవసరమో వాళ్ళకు సరిపడా ఇచ్చిన మందు ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూస్తే, పటేల్ సూది ఎందుకు వద్దన్నారో కూడా తెలుస్తుంది.

లచ్చి

ఒకరోజు పొద్దున దవాఖాన తలుపులు తీస్తుండగానే సాయన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతుల్లో లచ్చి. వెనకాల కడుపు పట్టుకుని బాలమణి, ఆమె వెనక మల్లమ్మ. పిల్ల తెగ వాంతులు చేసుకుంటోంది. సాయన్న అంగీ మీద నల్లటి, ఎర్రటి మరకలు.

"ఏం తింది?" అని డాక్టరమ్మ అరిచినట్టే అడిగారు.

బాలమణి ఖాళీ రేకు డబ్బా చూపించింది. రోజూ తల్లి ఆ ఎర్ర బిళ్ళ నోట్లో వేసుకోవడం లచ్చి చూసేది. నాకూ కావాలని మారాం చేసేది. ఏడుపు మాన్పించడానికి బాలమణి, ఇది కడుపులో తమ్ముడికి మిఠాయి, నీకు కాదని చెప్పేది. ఆ పొద్దున తల్లి నీళ్ళకు వెళ్ళింది. పిల్ల గూట్లోని డబ్బా అందుకుని, పైన తీపి చప్పరిస్తూ మింగేసింది. డబ్బాలో ఎన్ని మిగిలి ఉన్నాయో, ఎన్ని మింగిందో ఎవరికీ తెలియదు.

డాక్టరమ్మ ముఖంలో రంగు మారడం నేను చూశాను. నాతో మెల్లగా అన్నారు:

"పెద్దవాళ్ళకి ఇచ్చే ఇనుము పసిపిల్లలకి విషమని ఈమధ్యనే చదివాను అనసూయా. చూడటం ఇదే మొదలు. నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెం చేద్దాం."

నేను తర్వాత చాలామంది పెద్ద డాక్టర్ల దగ్గర పనిచేశాను. 'నాకు తెలిసింది కొంచెమే' అన్న మాట వాళ్ళలో ఎంతమంది నోట విన్నానో తలుచుకుంటే వేళ్ళు కూడా మడవనక్కర్లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు భయం వేయలేదు. ఆవిడ ఏం చెబితే అది నమ్మవచ్చునని ధైర్యం వచ్చింది.

గొట్టం వేసి, సోడా కలిపిన నీళ్ళతో పిల్ల కడుపు కడిగాం. ఇప్పుడు పద్ధతులు మారాయి, మందులు వచ్చాయి, అప్పుడు మా చేతిలో ఉన్నది అదే. మాత్రల ముక్కలు బయటికి వచ్చాయి. అన్నీ వచ్చాయని ఎలా చెప్పగలం? మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. లచ్చి లేచి కూర్చుంది. నీళ్ళడిగింది. మంచం మీద ఆ ఖాళీ డబ్బా మూతను దొర్లిస్తూ ఆడుకోసాగింది.

సాయన్న పెద్దగా ఊపిరి వదిలాడు. "ఇగ మంచిగైంది. తోల్కపోతమమ్మా."

నాకూ అలాగే అనిపించింది. పిల్ల ఆడుకుంటుంటే ఇంకేం కావాలి?

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. "ఇవాళ కదిలించడానికి వీల్లేదండి."

"ఎందుకమ్మా? ఆడుకుంటున్నది కద."

"ఆడుకుంటోంది. నాడి మాత్రం ఇంకా పరుగెడుతోంది. ఈ మందు చేసే చెడు మధ్యలో కాసేపు తగ్గినట్టు కనబడి మళ్ళీ తిరగబడుతుందని రాశారు. అది నిజం కాకపోతే రేపు పొద్దున నన్ను తిట్టుకుంటూ వెళ్ళండి."

అంతవరకు గోడవారగా కూర్చున్న మల్లమ్మ లేచి నిలబడింది.

"నువ్వే కదా గోలీలు ఇచ్చినవ్? వద్దంటే ఇనలేదు. ఇంటి దాక వచ్చి ఇచ్చినవ్. ఇప్పుడు మల్ల నీ మాటే ఇనాల్నా? బిడ్డను సంపుతవా ఏంది?"

బాలమణి అత్త చేయి పట్టుకుంది. మల్లమ్మ విదిలించుకుంది. డాక్టరమ్మ ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు.

"నేనే ఇచ్చాను. ఎప్పుడు వేసుకోవాలో చెప్పాం, ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. తప్పే. మీ కోపం న్యాయమే మల్లమ్మగారూ. కోపం అలాగే ఉంచుకోండి. పిల్లను మాత్రం ఇక్కడే ఉంచండి."

మల్లమ్మ ఏమనుకుందో తెలియదు. లచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది. వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నమంతా పిల్ల ఆడుకుంటూనే ఉంది. డాక్టరమ్మ మాత్రం అన్నం తినలేదు. సూదులు మరగబెట్టించారు. సెలైన్ సీసాలు తెప్పించి మంచం దగ్గర వేలాడదీయించారు. వేడినీళ్ళ సీసాలు సిద్ధం చేయించారు. అవసరం పడకపోతే ఇంత హడావుడి ఎందుకు చేశామని నలుగురూ నవ్వుతారేమోనని నాకు లోపల్లోపల సిగ్గుగా ఉంది.

పొద్దు గుంకే వేళకు లచ్చి చేతిలో మూత జారి కింద పడింది. పిల్ల దాన్ని అందుకోలేదు. తల పక్కకు వాల్చింది. పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. నేను "డాక్టరమ్మా" అనేలోపే ఆవిడ మంచం దగ్గర ఉన్నారు. చేతిలో రక్తనాళం దొరకలేదు. రెండోచేతిలోనూ దొరకలేదు. చివరికి చీలమండ దగ్గర చిన్న గాటు పెట్టి పట్టుకున్నారు. సీసా నుంచి చుక్కలు దిగడం మొదలయ్యాక ఆవిడ మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయారు. సాయన్న గుమ్మం బయట నిలబడి గోడకు నుదురు ఆనించాడు. లోపలికి రాలేకపోయాడు.

ఆ పూట ఆ పిల్ల గుట్టల్లో గుడిసెలో ఉండి ఉంటే బతికేది కాదు. సీసాలు పక్క గదిలో, సూదులు డబ్బాలో ఉన్నా బతికేది కాదేమో. ఏమీ జరగని ఆ మధ్యాహ్నం పూట చేసిన పనే పిల్లను నిలబెట్టింది. నేను తర్వాత ఎన్నో వార్డులు నడిపాను. రోగి బాగున్నట్టు కనబడిన ప్రతిసారీ నాడి మళ్ళీ ఒకసారి చూసే అలవాటు అక్కడే పట్టుకుంది.

తెల్లవారాక లచ్చి కళ్ళు తెరిచి, "అమ్మా, ఉచ్చ," అంది. డాక్టరమ్మ అంత ఆనందంగా నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. మూత్రపిండాలు పనిచేస్తున్నాయి! బాలమణి ఏడుస్తూ నవ్వుతూ పిల్లను ఎత్తుకుంది.

ఇనుము కడుపులో చేసిన పుండు మానుతూ దారి ఇరుకైతే తిండి నిలవదని, ఆ తర్వాత చాలా వారాలు లచ్చిని పిలిపించి చూశాం. అలాంటిదేమీ జరగలేదు. పిల్లకు మళ్ళీ బుగ్గలు వచ్చాయి.

మందును మిఠాయి అనకండి

ఇక్కడ ఆగి కొత్తగా వచ్చే పిల్లలకు రెండు మాటలు చెప్పాలి. నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటికి కారణం నిర్లక్ష్యం కాదు, ప్రేమ. ఏడుపు మాన్పించాలని మందును మిఠాయి అంటారు. బిడ్డ త్వరగా పుంజుకోవాలని చెంచా బదులు రెండు చెంచాలు పోస్తారు. పక్కింటామెకు పనిచేసిందని మనింటి ఆమెకు పెడతారు. వాళ్ళను కసిరితే మరోసారి మనకు నిజం చెప్పరు. ఏయే మందులు వేసుకుంటున్నారని అడిగినప్పుడు బలం మందుల గురించి విడిగా అడగండి. చాలామంది దృష్టిలో అవి మందులే కావు.

తర్వాతి రోజుల్లో పట్నంలో నాకు ఒక పై అధికారి ఉండేవాడు. మంచి హస్తవాసి ఉన్న సర్జన్, కాని ప్రతి చీటీ కింద అలవాటుగా ఒక టానిక్ రాసేవాడు. ఆయన దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ మూడు వేర్వేరు పేర్లతో ఒకే విటమిన్ వేసుకుంటోందని నేను చూసి చెప్పాను. ఆయన నన్ను విసుక్కున్నాడు. బలం మందు ఎవరికి చేటు చేసింది సిస్టర్ అన్నాడు. లచ్చి సంగతి చెప్పాను. ఆయన చీటీ వెనక్కి తీసుకుని రెండు కొట్టేశాడు. నాతో మాత్రం ఆ వారమంతా మాట్లాడలేదు. అది పెద్ద నష్టమేమీ కాదు.

ఇప్పుడు మా వీధిలో ఆఫీసులకు పోయే పిల్లలు కూడా నన్ను అడుగుతుంటారు. వారానికి ఒకటి వేసుకోమన్న విటమిన్ డి పొడిని రోజూ వేసుకున్న అబ్బాయి ఒకడు ఆమధ్య వాంతులతో వచ్చాడు. రక్తపరీక్ష చేయించి, ఆపించి, డాక్టరు దగ్గరకు పంపాను, తేరుకున్నాడు. చీటీ మీద 'వారానికి' అని స్పష్టంగానే ఉంది. ఎవరూ నోటితో చెప్పలేదు, అంతే. మీరు నోటితో చెప్పండి. చెప్పాక, వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోండి.

కాన్పు

మళ్ళీ బాలమణి దగ్గరకు వస్తాను. లచ్చి ఇంటికి వెళ్ళిన రోజే మల్లమ్మ, ఇంట్లో ఉన్న వేరే మందులు కూడా రాతి గుంతలో పారబోసింది. మా ఇంటికి ఇంకో గోలీ రావద్దంది. బాలమణికి మాత్రం ఇంకా రక్తం చాలదు. నెలలు నిండుతున్నాయి.

డాక్టరమ్మ వాదనకు దిగలేదు. "మందు ఇంటికి రావద్దని అత్తగారు అన్నారు. సరే, ఇంటికి రాదు," అని బాలమణితో అన్నారు. "మీరే ఇక్కడికి వచ్చి, మా ముందు వేసుకుని వెళ్ళండి."

అలా బాలమణి రోజూ భర్తకు సద్ది తీసుకెళ్తూ దవాఖాన మీదుగా వచ్చేది. నేను ఒక మాత్ర, గ్లాసు నీళ్ళు ఇచ్చేదాన్ని. మింగి, కొంగుతో మూతి తుడుచుకుని వెళ్ళేది. ఇలా చుట్టూ తిరిగి పోవడం మల్లమ్మకు తెలియకుండా ఉంటుందా? తెలుసు. ఆమె ఏమీ అనలేదు. ఎప్పుడైనా దారిలో ఎదురైతే నా వైపు చూడకుండా పోయేది. ఆ మౌనాన్ని కదిలించవద్దని డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పారు.

నొప్పులు మొదలైనప్పుడు బాలమణిని దవాఖానకే తెచ్చారు. లచ్చిని వెంటబెట్టుకుని మల్లమ్మ కూడా వచ్చింది. మధ్యాహ్నానికి మగపిల్లాడు పుట్టాడు. మరీ పెద్దవాడు కాదు, చిన్నవాడూ కాదు. నేను బిడ్డను తుడిచి మల్లమ్మ చేతుల్లో పెట్టాను. ఆమె వాడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

అంతలో డాక్టరమ్మ గొంతు మారింది. "అనసూయా, ఇటు రా."

మాయ పడగానే రక్తం కట్ట తెగినట్టు వచ్చింది. నేను పరిగెత్తాను. ఆవిడ ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని నొక్కుతూ, ఏ సూది ఎక్కించాలో నాకు చెబుతున్నారు. పక్క తడిసిపోయింది. మంచం కింద నేల తడిసిపోయింది. బాలమణి పెదాల రంగు మెల్లగా పోవడం చూస్తూ నేను చేయగలిగిందంతా చేస్తున్నాను. మల్లమ్మ బిడ్డను గుండెకు హత్తుకుని గోడకు అంటుకుపోయింది. ఆమెకు తెలుసు. తన చెల్లెలు అలాగే పోయిందని తర్వాత చెప్పింది.

చాలాసేపటికి గర్భసంచి గట్టిపడింది. రక్తం ఆగింది. డాక్టరమ్మ నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత తెరిచారు.

"ఉంది. బాగానే ఉంది."

బాలమణి నీరసంగా కళ్ళు తెరిచి, "పోరడేడి?" అంది.

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరకు వచ్చారు. తెరిచిన తలుపులోంచి బాలమణిని చూస్తూ నేను నీళ్ళు పోస్తున్నాను. మల్లమ్మ బిడ్డను ఎత్తుకుని మా వెనకే వచ్చింది. లచ్చి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఉంది.

"గంత రక్తం పోయింది," అంది మల్లమ్మ. "మా చెల్లె గంత కూడ పోకుండనే పాయె. గీ పిల్ల ఎట్ల నిలిచిందమ్మా?"

"మొదటిసారి దవాఖానకు వచ్చినప్పటి ఒంటితోనే కాన్పుకు వచ్చి ఉంటే నిలిచేది కాదండి. ఆ రోజు ఆమె ఒంట్లో పోవడానికి కూడా రక్తం లేదు. ఈ నాలుగు నెలల్లో కాస్త కూడబెట్టుకుంది."

"గా గోలీలతోనా?"

"వాటితోనే. మీరు పెట్టిన తిండితో కూడా."

మల్లమ్మ ఒక చేత్తో మనవడిని పట్టుకుని, రెండో చేత్తో లచ్చి తల నిమురుతూ నిలబడింది. ఒకరి ప్రాణం మీదికి తెచ్చిన మందే ఇంకొకరి ప్రాణం నిలిపిందన్న సంగతి ఆమె మనసులో ఎలా సర్దుకుంటోందో నేను చూస్తూ ఉండిపోయాను. పుస్తకాల్లో చదివిన నాకే అది సర్దుకోవడానికి చాలా కాలం పట్టింది.

"బాలింతకు ఇంక ఇస్తవా?" అని చివరికి అడిగింది.

"ఇస్తానండి. కొన్నాళ్ళు తప్పకుండా వేసుకోవాలి." డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ ఆమె కళ్ళలోకి చూశారు. "ఈసారి ఎక్కడ పెడతారు?"

మల్లమ్మ లచ్చిని చూసింది. తర్వాత తల ఎత్తి, ఇంటి చూరు ఎంత ఎత్తులో ఉందో కొలుస్తున్నట్టు దవాఖాన పెంకుల వైపు చూసింది.

"మా గుడిసెల గంత ఎత్తు జాగ ఏడున్నదమ్మా? ఏడ పెట్టినా గీ పోరికి అందుతది. గోలీలు ఈడనే ఉంచుండ్రి. బాలింత లేచి తిరిగేదాక ఒక్కొక్క గోలీ ఇచ్చి నర్సమ్మను పంపుండ్రి. మల్ల నేనే దినాం తోల్కొస్త."